వాతావరణ మార్పుపై బడి ప్రెజెంటేషన్ - పాఠం 3: స్లైడ్ మీద జానెడు

గత పాఠంలో మీకు దగ్గర్లోని ఒక్క చోటును ఎంచుకోమన్నాను. ఉప్పాడ తీరమో, కోరంగి మడ అడవో, అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోటో ఖాయం చేసుకునే ఉంటారు. ఈసారి అంకెల పని.

1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఈ వాక్యాన్ని స్లైడ్ మీద పెట్టి చదివితే ఏడో తరగతి పిల్లలు "అంతేనా?" అంటారు. వాక్యం తీసేయండి. చాచిన అరచేయి ఫొటో, పక్కన స్కేలు, కింద ఒకే మాట: జానెడు. పెద్దవాళ్ల జానెడు దాదాపు అంతే. అందరినీ చెయ్యి చాచమనండి.

తర్వాతి స్లైడ్‌లో మీ ఊరి మురుగు కాలువ, గట్టు పక్కన వరిచేను. మనది గోదావరి డెల్టా, బల్లపరుపు నేల. సముద్రం జానెడు లేస్తే పోటు సమయంలో ఉప్పునీరు కాలువల్లో ఇంకాస్త పైకి ఎగదన్నుతుంది. వాననీరు దిగడం ఆలస్యమవుతుంది. చేను చౌడుబారుతుంది. ఇది రైతు ఇంటి పిల్లలకు వివరించక్కర్లేదు, ఫొటో చూపిస్తే చాలు.

ఆ ఫొటో మీద ఒక గొంతు వినిపించండి. ఊళ్లో పెద్దావిడను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. "వాతావరణం మారిందా?" అని అడగొద్దు, "అవును" అని ఊరుకుంటారు. "మీ చిన్నప్పుడు ఈ బావి నీళ్లు తాగేవాళ్లా అమ్మమ్మా?" అని అడగండి, కథ వస్తుంది. ఫ్యాన్ ఆపేసి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టండి. నలభై సెకన్లు మించకుండా కత్తిరించండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. తీరం కోతకు గురైన ప్రతి ఫొటో కింద "వాతావరణ మార్పు" అని రాయకండి. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టాకు చేరే మట్టి తగ్గింది, అదీ ఒక కారణం. 1996 నవంబరు 6 కోనసీమ తుపాను పెద్దలందరికీ గుర్తే, కానీ ఒక్క తుపానును సాక్ష్యంగా చూపలేం. వేడెక్కిన సముద్రం తుపానుకు ఎక్కువ బలాన్నిస్తుంది అనండి, అది నిజం. సభలో ఎవరైనా లేచి ప్రశ్న వేస్తే నిలబడేది నిజమే.

బడి కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ఫైల్‌తో పాటు ఫాంట్ కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, ఆడియో ఫైలునూ అదే ఫోల్డర్‌లో ఉంచండి. కిటికీలు మూయలేని గదైతే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, నల్లటి పెద్ద అక్షరాలే నయం.

ఇంటిపని: ఏడాది వారీగా ఉపగ్రహ చిత్రాలు చూపే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో మీ చోటును 1984 నుంచి చూడండి. మార్పు కళ్లకు కనిపించే రెండు సంవత్సరాలను ఎంచి, ఒకే స్లైడ్‌లో పక్కపక్కన పెట్టుకు రండి. పాఠం 4లో ఆ రెండు బొమ్మల మధ్య ఏం మాట్లాడాలో చూద్దాం.