చెట్టెక్కిన పిల్లిని దించాలంటే

ముందు ఆ నిచ్చెన పక్కన పెట్టండి. చెట్టు మీద పిల్లి అరుస్తుంటే కింద ఉన్నవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు, తెలుసు. మా పిల్లి మొదటిసారి ఎక్కినప్పుడు నేనూ పరుగున నిచ్చెన వేశాను, నేను రెండు మెట్లు ఎక్కితే అది ఒక కొమ్మ పైకి పోయింది, ఇంకో రెండు ఎక్కితే ఇంకో కొమ్మ. చివరికి మొదట ఉన్నదానికి రెట్టింపు ఎత్తులో కూర్చుని నన్నే చూస్తూ అరిచింది. పొద్దుపోయి అందరం లోపలికి వెళ్లాక దానంతట అదే దిగొచ్చింది.

పులికి అన్ని విద్యలూ నేర్పిన పిల్లి చెట్టెక్కడం మాత్రం దాచుకుందని కథ చెబుతారు కదా, ఆ పిల్లికే దిగడం సరిగ్గా రాదు. తప్పు దాని గోళ్లది. ముందు పంజాలకి ఐదేసి, వెనక వాటికి నాలుగేసి, మొత్తం 18 గోళ్లు, అన్నీ కొక్కేల్లా వెనక్కి వంగి ఉంటాయి. ఎక్కేటప్పుడు ఒంటి బరువు కిందికి లాగేకొద్దీ ఆ కొక్కెం బెరడులోకి ఇంకా గట్టిగా దిగుతుంది. తల కిందికి పెట్టిందా, వంపు తిరగబడుతుంది, పట్టు జారిపోతుంది. అందుకని పిల్లి దిగాల్సింది తోక కిందికి, తల పైకి పెట్టి, మనం నిచ్చెన దిగినట్టు వెనక్కి వెనక్కి. అయితే ఏ జంతువుకైనా చూస్తున్న వైపే వెళ్లాలనిపిస్తుంది కాబట్టి అనుభవం లేని పిల్లి కిందికి తొంగి చూస్తుంది, ఒక కాలు పెడుతుంది, జారుతుంది, మళ్లీ కొమ్మ పంగలోకి పోయి ఏడుస్తుంది.

ఉడత తలకిందులుగా చకచకా దిగుతుందంటే దాని వెనక పాదాలు మడమ దగ్గర పూర్తిగా వెనక్కి తిరుగుతాయి కాబట్టే. పిల్లి జాతిలోనూ ఆ అదృష్టం ఉన్నవి కొన్ని ఉన్నాయి. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే మార్గే ఇంచుమించు ఇంటిపిల్లంతే ఉంటుంది, దాని వెనక చీలమండలు 180 డిగ్రీలు తిరుగుతాయి, ఒక్క వెనక కాలితో కొమ్మకి వేలాడగలదు కూడా. హిమాలయాల దిగువ నుంచి ఆగ్నేయాసియా దాకా తిరిగే క్లౌడెడ్ లెపర్డ్ కూడా తల ముందు పెట్టి దిగగలదు. చిరుతపులి తన కంటే బరువైన వేటని కొమ్మ మీదికి ఈడ్చుకుపోతుంది. అదే చీతా గోళ్లు పరుగు కోసం తయారైనవి, పూర్తిగా లోపలికి ముడుచుకోవు, మొద్దుబారి ఉంటాయి, వాలుగా ఉన్న మాను దొరికితే ఎక్కుతుంది అంతే. మన ఇంటిపిల్లి వచ్చింది ఆఫ్రికా అడవిపిల్లి నుంచి. అది నేల మీద ఎలుకల్ని వేటాడి బతికే జంతువు, ప్రాణభయం వేస్తే చెట్టెక్కుతుంది.

ఇదే అసలు విషయం. చెట్టు దానికి దాక్కునే చోటు. కింద భయపెట్టింది పోకుండా అది దిగదు. కాబట్టి మొదటి పని కుక్కని కట్టేయడం, పిల్లల్ని, ఫోన్లు పట్టుకుని నిలబడ్డ పెద్దల్ని అందరినీ పంపేయడం. తనకి బాగా అలవాటైన మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ఒక్కరూ దూరంగా. కాస్త వెచ్చచేసిన, వాసన బాగా వచ్చే తిండి మాను మొదట్లో పెట్టండి, రోజూ తిండికి ఎలా పిలుస్తారో అదే గొంతుతో పిలవండి, టెన్షన్ గొంతుతో కాదు. సందెవేళ, తెల్లవారుజామున పిల్లులు బాగా చురుగ్గా ఉంటాయి, చాలావరకు దిగేది అప్పుడే.

ఎంతసేపు చూడాలి? కొమ్మలు మారుతూ, ఒళ్లు నాక్కుంటూ ఉంటే అది ఇరుక్కోలేదు, షికారులో ఉంది. ఒకేచోట అతుక్కుని అరుస్తుంటే ఇరుక్కున్నట్టే. ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లికి, వాతావరణం బాగుంటే, ఒక రాత్రి ఇవ్వొచ్చు. కూన, ముసలిది, దెబ్బ తగిలింది, మెడపట్టీ కొమ్మకి చిక్కుకుంది, వాన లేదా మండే ఎండ, వీటిలో ఏదున్నా ఆగొద్దు. "ఆకలేస్తే అదే దిగుతుందిలే" అనే మాట మీద రెండో రాత్రి వదిలేయకండి. తిండి లేకుండా రెండుమూడు రోజులు గడిస్తే పిల్లికి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది, లావుపాటి పిల్లులకి మరీను.

తర్వాతి ప్రయత్నం దారి ఇవ్వడం. నిట్టనిలువు మాను మీద పిల్లి తల ముందు పెట్టి దిగలేకపోయినా, వాలు మీద హాయిగా నడుస్తుంది. పొడవాటి పలక గానీ నిచ్చెన గానీ వీలైనంత ఏటవాలుగా ఆనించి, గోళ్లకి పట్టు దొరికేలా పాత తువ్వాలు చుట్టి, కదలకుండా కట్టి, మీరు తప్పుకోండి. తప్పుకోవడం మర్చిపోతారు చాలామంది. పలక అందకపోతే పిల్లికి పైనున్న కొమ్మ మీంచి తాడు వేసి, పిల్లిని తీసుకెళ్లే బుట్టలో తిండి పెట్టి దాని పక్కకి లాగి వదిలేయండి. కొన్ని ఎక్కి కూర్చుంటాయి, కొన్ని చచ్చినా ఎక్కవు.

మీరే ఎక్కాలనుకుంటే మూడు షరతులు: నిచ్చెన మీద నిలబడి చేతికి అందే ఎత్తే కావాలి, కింద ఇంకొకరు పట్టుకోవాలి, దగ్గర్లో కరెంటు తీగ ఉండకూడదు. తీగ ఉంటే నిచ్చెన కూడా ఆనించొద్దు, విద్యుత్ సిబ్బందిని పిలవండి. ఎత్తు ఎక్కువైతే చెట్లెక్కే పని వచ్చినవాళ్లనో అగ్నిమాపక సిబ్బందినో అడగండి. మందపాటి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. మెల్లగా వెళ్లి చేతిని వాసన చూడనిచ్చి, మెడ వెనక తోలు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిరుదుల కింద ఆనించండి. అది బెరడుని వదలదు. కిందికి లాగారో, ఆ కొక్కేలు ఇంకా దిగుతాయి. కాస్త పైకి ఎత్తి అప్పుడు పక్కకి తీయండి, గోళ్లు వాటంతటవే ఊడివస్తాయి. దిండు గలీబులో వేసి మూతి కట్టి తాడుతో దించండి. చంకలో పెట్టుకుని నిచ్చెన దిగడం మాత్రం వద్దు.

చెట్టుని ఊపడం, పైపుతో నీళ్లు కొట్టడం, కింద దుప్పటి పట్టుకుని దూకించడం, ఇవన్నీ మానేయండి. పిల్లి గాల్లోనే తిరిగి కాళ్ల మీద పడుతుందన్నది నిజమే, ఫ్రాన్స్‌లో ఎట్యెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త 1894లోనే ఆ తిరగడాన్ని వరస ఫొటోలు తీసి చూపించాడు. కాళ్ల మీద పడ్డా దవడ, ఛాతీ, కాళ్లు దెబ్బతింటాయి.

దిగాక గదిలో పెట్టి నీళ్లు, కొద్దిగా తిండి ఇవ్వండి. అరికాళ్లు, విరిగిన గోళ్లు చూడండి. నోరు తెరిచి ఆయాసపడుతున్నా, చిగుళ్లు పాలిపోయినా, వెనక కాలు ఈడుస్తున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి.

కూన ఉంటే ఈ గొడవంతా రాకుండా దిగడం నేర్పొచ్చు. మీ నడుం ఎత్తులో, తల పైకి ఉండేలా మానుకి పెట్టండి, పిరుదుల కింద చెయ్యి ఉంచండి, తిండి తోక వైపు చూపించండి. ఒక వెనక కాలు మెల్లగా కిందికి జరపండి, తర్వాత రెండోది. రోజూ ఐదు నిమిషాలు, విసుక్కుంటే ఆపేయండి. బయట తిరిగే పిల్లికి గోళ్లు మొదలంటా కత్తిరించకండి. మా పిల్లి ఇప్పుడు బుద్ధిగా వెనక్కి దిగుతూ వచ్చి, నేల ఇంకా నాలుగడుగులు ఉందనగా గిరుక్కున తిరిగి దూకేస్తుంది. ఆ మాత్రం దూకనివ్వండి.