వేసవి సెలవుల్లో మీ ఇంటి మాటల నిఘంటువు కూర్చడం ఎలా?

కడపలో బడులు మూసే ఏప్రిల్ చివరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున పది కాగానే అందరం ఇంటిపట్టున చేరతాం. ఆ గంటలకు సరిపోయే పని ఒకటి చెబుతాను: మీ అవ్వ, తాత, వీధిలోని పెద్దలు వాడే మాటలను ఏరి సొంత నిఘంటువు కూర్చడం. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు, పెన్ను, ఖాళీ చెప్పుల పెట్టె ఉంటే చాలు.

ఈ పనికి కడపను మించిన ఊరు నాకు తోచదు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకుని, బంగళా కొని, పండితులను పెట్టుకుని పాత కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆ బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి.

మొదట ఒక్క పనిని ఎంచుకోండి. "పాత మాటలు చెప్పవ్వా" అని అడిగితే ఎవరికీ ఏదీ గుర్తు రాదు. సేద్యపు ఇల్లయితే మడక (నాగలి), గుంటక, గొర్రుతో మొదలుపెట్టండి. మాధవరంలో నేత నేసే బంధువులుంటే పడుగు, పేక, నాడె, ఆసు ఉన్నాయి. ఏదీ లేకపోతే వంటిల్లు ఉండనే ఉంది: ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, బొరుగులు, అలసందలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం కూడా వ్యవసాయం అనే ఒక్క వృత్తికే కట్టుబడింది.

అడిగే వేళ ముఖ్యం. మధ్యాహ్నం పెద్దలను నిద్ర లేపకండి. పొద్దున ఊరగాయ ముక్కలు కోసేటప్పుడు, సాయంత్రం వాకిట్లో మంచం వాల్చినప్పుడు పక్కన కూర్చోండి. రోహిణి కార్తెలో రైతుకు కాస్త తీరిక ఉంటుంది, నోట ఎప్పుడూ వాన మాటే ఉంటుంది. వస్తువును చూపించి "దీన్నేమంటారు, దీనితో ఏం చేస్తారు?" అని అడగండి. ఫోనులో రికార్డు చేయాలంటే ముందు వారి అనుమతి తీసుకోండి.

ఇక చీటీ రాయడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. ఒక మాటకు ఒక చీటీ. మాటను విన్నది విన్నట్టే రాయండి, బడి తెలుగులోకి దిద్దవద్దు. కింద అర్థం, చెప్పినవారి వయసు, ఊరు, తేదీ. వీటన్నిటికంటే ముందు, ఆ మాట వచ్చిన వాక్యం మొత్తం రాయాలి. నేను చిన్నప్పుడు మొదటి చీటీలో "పదును అంటే తేమ" అని రాసి ఊరుకున్నాను. తర్వాత ఒకనాడు మా జేజి మడి వైపు చూసి, "ఈ వానకు పదును కాలేదు, ఇంకొకటి పడాలి" అన్నది. నేల తడిగానే ఉంది, అయినా పదును కాలేదు! తడి లోపలికి దిగి, మడక సాగి, గింజ మొలవడానికి నేల సిద్ధమైతేనే పదును. ఆ వాక్యం వినకపోతే నా చీటీ ఎప్పటికీ తప్పుగానే ఉండేది. అంతకుముందు రాసిన నలభై చీటీలలో వాక్యాలు లేవు. వాటిలో చాలా మాటలు చెప్పినవారు ఇప్పుడు లేరు, తిరిగి అడగలేను. ఆ బాధ మీకు వద్దు.

పనిముట్టు అయితే బొమ్మ గీయండి, వంకరగా వచ్చినా సరే.

చీటీలను అకారాదిగా పెట్టెలో సర్దండి. వారానికి ఒకసారి గ్రంథాలయానికి వెళ్లి నిఘంటువుల్లో వెతకండి. బ్రౌన్ నిఘంటువు ఇంటర్నెట్‌లోనూ ఉచితంగా చూడవచ్చు. మాట దొరికితే అక్కడి అర్థాన్ని మీ అర్థం పక్కన రాయండి. దొరకకపోతే నిరుత్సాహపడకండి, ఆ చీటీకి ఎర్ర గీత పెట్టి మరింత భద్రంగా దాచండి. ఇలా వెతికేటప్పుడు పక్క మాటలు, ఉదాహరణగా ఇచ్చిన పద్యాలు చదువుతూ ఎంత దూరం వెళతారో మీకే తెలియదు. నాకు వేమన పద్యాలు పట్టుబడింది అలాగే.

జూన్‌లో బడి తెరవకముందే, చెప్పినవారి దగ్గర కూర్చుని చీటీలన్నీ పైకి చదవండి. పెన్ను మూత తీసి పెట్టుకోండి. "అట్లా కాదు నాయనా" అని వారు దిద్దిన ప్రతిచోటా కొత్త చీటీ రాయవలసి వస్తుంది.