ఒకే సభ, ఒకే నియోజకవర్గం: తిమోర్-లెస్తే పార్లమెంటు (3వ పాఠం)

కిందటి పాఠం చివర ఆగ్నేయాసియా దేశం తిమోర్-లెస్తే 2023 ఎన్నికల ఓట్లు ఇచ్చి, పార్లమెంటులోని 65 సీట్లు పంచమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట బోల్తా పడ్డాయి. అధ్యక్షుడి అధికారాలు ఈసారికి వాయిదా. ముందు ఆ లెక్క తేల్చుకుందాం.

అంతకంటే ముందు, "రాజధాని దిలీ నియోజకవర్గం ఎంపీ ఎవరు?" అని అడిగినవాళ్లకి: అలాంటి ఎంపీ లేరు. దేశమంతా కలిపి ఒకటే నియోజకవర్గం. 17 ఏళ్లు నిండినవాళ్లు పార్టీకి ఓటేస్తారు. పార్టీ ముందే ఇచ్చిన జాబితాలో పైనుంచి కిందికి పేర్లు ఎన్నికవుతాయి. జాబితాలో ప్రతి ముగ్గురికీ కనీసం ఒక మహిళ ఉండాలి. మంత్రి అయిన ఎంపీ సభలో సీటు వదులుకోవాలి, జాబితాలో తరవాతివాళ్లు వచ్చి కూర్చుంటారు. ఉప ఎన్నిక హడావిడి లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మీ ప్రశ్నకి ఓ పాత ఆధారం మాత్రం ఉంది. 2001 ఆగస్టు 30న రాజ్యాంగ సభకి 88 మందిని ఎన్నుకున్నప్పుడు 75 మంది జాబితాల నుంచి వస్తే, 13 మంది జిల్లాకొకరు చొప్పున వచ్చారు. 2002 మే 20న స్వాతంత్ర్యం వచ్చాక ఆ సభే పార్లమెంటు అయింది. 2007 ఎన్నికల నాటికి జిల్లా సీట్లు పోయాయి, మొత్తం 65కి తగ్గింది. రెండో సభ మొదటి నుంచీ లేదు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలిని 1985లో రద్దు చేసి 2007లో మళ్లీ తెచ్చుకున్నవాళ్లం కనక రెండో సభ ఉందా అని మనకి అనుమానం రావడం సహజమే.

ఇక లెక్క. 4 శాతం రాని పార్టీలను కొట్టేస్తే మిగిలినవి ఇవి: సీఎన్‌ఆర్‌టీ 41.6, ఫ్రెటిలిన్ 25.7, పీడీ 9.3, ఖున్తో 7.5, పీఎల్‌పీ 5.9.

డి'హాంట్ పద్ధతి అంటే పార్టీల ఓట్లని భాగిస్తూ పోయి, వచ్చిన అంకెల్లో పెద్దవాటికి వరసగా ఒక్కో సీటు ఇవ్వడం. అలా భాగించండి అంటే మీలో చాలామంది 41.6ని సగం చేసి 20.8 అన్నారు, దాన్ని మళ్లీ సగం చేసి 10.4 అన్నారు, ఆపైన 5.2. సగంలో సగం, అందులో సగం! ఇది చూస్తే నాకు తిక్క రేగుతుంది. భాగించాల్సింది ఎప్పుడూ అసలు ఓట్లనే: 41.6ని 1తో, 2తో, 3తో, 4తో. అంటే 41.6, 20.8, 13.87, 10.4. "ఈ పార్టీకి ఇంకో సీటిస్తే ఒక్కో సీటు వెనక ఎన్ని ఓట్లుంటాయి?" అన్నదే మనం అడిగే ప్రశ్న. మూడు సీట్లు ఉన్న పార్టీ నాలుగోది అడిగితే నాలుగుతో భాగించక ఇంకేం చేస్తాం?

మొదటి మూడు సీట్లూ ఎలా చేసినా ఒకేలా వస్తాయి, అందుకే తప్పు దొరకదు. నాలుగో సీటు దగ్గర బయటపడుతుంది. అది సరైన లెక్కలో 13.87తో సీఎన్‌ఆర్‌టీది, మీ లెక్కలో 12.85తో ఫ్రెటిలిన్‌ది. ఓపిక పట్టి మీ దారిలోనే 65 దాకా వెళ్లాను: 15, 14, 12, 12, 12. 5.9 శాతం వచ్చిన పార్టీకి 12 సీట్లా! అసలు ఫలితం 31, 19, 6, 5, 4.

నిజం చెప్పాలంటే నేనెప్పుడూ 65 సార్లు భాగించను. సీటుకి ఓ రేటు కడతాను. ఐదు పార్టీల మొత్తం 90, దాన్ని 65తో భాగిస్తే 1.385. ఆ రేటుకి ఒక్కో పార్టీ ఎన్ని కొనగలదో చూసి చిల్లర వదిలేస్తే 30, 18, 6, 5, 4. మొత్తం 63. రెండు మిగిలాయి, రేటు దించాలి. 1.34కి దించితే సరిగ్గా 65. ఆ రేటుకి పీడీకి 6.94 వస్తుంది, అయినా దక్కేది ఆరే. పాపం.

41.6 శాతానికి 27 సీట్లే రావాలి కదా అన్నవాళ్లూ ఇక్కడే చూడండి. కొట్టేసిన పార్టీల 10 శాతం తీసేశాక 41.6 అంటే 90లో వాటా, దాంతో 30 దాకా వస్తుంది. ఇంకొకటి పెద్ద పార్టీల వైపు మొగ్గే ఈ పద్ధతి చలవ. అయినా మెజారిటీకి 33 కావాలి కనక సీఎన్‌ఆర్‌టీ నేత షనానా గుస్మావో పీడీని కలుపుకుని ప్రధాని అయ్యారు.

అభ్యాసం, 2017 ఓట్లు: ఫ్రెటిలిన్ 29.65, సీఎన్‌ఆర్‌టీ 29.46, పీఎల్‌పీ 10.58, పీడీ 9.79, ఖున్తో 6.43. రెండు దశాంశాలతో ఒకసారి, ఒక్క దశాంశానికి కుదించి ఇంకోసారి చేయండి. చివరి సీటు చేతులు మారుతుంది. ఎవరి నుంచి ఎవరికో, రేటు ఎంత దగ్గర మారిందో రాసి పంపండి. ఆ సభ ఏడాది తిరక్కుండానే రద్దయింది. వచ్చే పాఠం అక్కణ్నుంచే.