పైపైని పైపైన కొలవకండి

ఒకసారి ఆఫీసులో పరువు పోగొట్టుకున్నాను. ఓ చిన్న ఫర్ లూప్ రాసి, మామూలు పైథాన్‌లో ఒకసారి, పైపైలో (పైథాన్ ప్రోగ్రాముల్ని వేగంగా నడపడానికి తయారైన మరో ఇంటర్‌ప్రెటర్) ఒకసారి నడిపి, "చాలా రెట్లు స్పీడుగా ఉంది" అని టీమ్ గ్రూపులో పెట్టేశాను. మా లీడ్ సంబరపడిపోయి, అయిదు నిమిషాలకోసారి క్రాన్‌లో (టైము ప్రకారం ప్రోగ్రాముల్ని తనంతట తనే మొదలుపెట్టే టూల్) నడిచే చిన్న స్క్రిప్టుని పైపైకి మార్పించాడు. అది ముందుకన్నా నెమ్మదైంది. "ఇంతకీ ఏం కొలిచావు బాబూ?" అన్నాడు. నేను కొలిచింది లూపుని, అక్కడ నడుస్తున్నది స్క్రిప్టుని.

పైపైకి వేగం వచ్చేది జిట్ వల్ల, అంటే ప్రోగ్రాం నడుస్తుండగానే కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే భాగం. అది ఏం చేస్తుందంటే, మొదట కోడ్‌ని మామూలు ఇంటర్‌ప్రెటర్ లాగానే నడుపుతూ ఏ లూపు ఎన్నిసార్లు తిరుగుతోందో లెక్క పెట్టుకుంటుంది. డిఫాల్ట్‌గా 1,039 దాటితే ఆ లూపు "హాట్" అని తేల్చుకుని, ఒక చుట్టులో ఏమేం జరిగిందో రికార్డ్ చేసి దాన్ని మెషీన్ కోడ్‌గా మారుస్తుంది. అక్కడితో అయిపోదు. "ఈ వేరియబుల్ ఎప్పుడూ పూర్ణాంకమే" లాంటి నమ్మకాలు ఆ కోడ్‌లో ఉంటాయి, వాటికి కాపలాగా గార్డులు ఉంటాయి. ఒకే గార్డు 200 సార్లు తప్పితే ఆ దారికి కూడా విడిగా కోడ్ తయారవుతుంది. అంటే వేగం ఒక్కసారిగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో కంపైల్ చేసేటప్పుడు వెనక్కి కూడా పోతుంది. అందుకే "ఎన్ని రెట్లు?" అనే ప్రశ్నకి ఒక్క అంకె జవాబుగా సరిపోదు.

ముందు దేన్ని దేనితో పోలుస్తున్నామో తేల్చుకోవాలి, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పైపైని సీపైథాన్‌తో (అందరూ వాడే మామూలు పైథాన్ పేరే ఇది) పోలిస్తే తెలిసేది జిట్ బలం కాదు, రెండు వేర్వేరు ఇంటర్‌ప్రెటర్ల మధ్య తేడా. చెత్త సేకరణ (ఇక అక్కర్లేని మెమరీని ఖాళీ చెయ్యడం) పద్ధతి వేరు, లిస్టుల్ని లోపల దాచుకునే తీరు వేరు. జిట్ ఒక్కదాని సంగతి తెలియాలంటే అదే పైపైని జిట్ ఆఫ్ చేసి నడపాలి, కమాండ్‌లో పైపై పేరు తరవాత రెండు డాష్‌లు పెట్టి జిట్ అని, ఖాళీ వదిలి ఆఫ్ అని రాస్తే చాలు. కానీ ఇక్కడో తిరకాసు ఉంది: జిట్ లేని పైపై సీపైథాన్ కన్నా నెమ్మది, కాబట్టి దానితో పోల్చి అంకె చెబితే జిట్ మరీ గొప్పగా కనిపిస్తుంది. అందుకని నేను మూడూ నడుపుతాను, సీపైథాన్, జిట్ లేని పైపై, జిట్ ఉన్న పైపై. మొదటికీ మూడోదానికీ తేడా నా యూజర్‌కి, రెండోదానికీ మూడోదానికీ తేడా నా కుతూహలానికి.

ఇప్పుడు ఒక చిన్న ప్రోగ్రాం రాయండి. వెయ్యి లోపు ప్రతి సంఖ్యనీ తీసుకుని, సరి అయితే సగం చెయ్యాలి, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలపాలి, ఒకటి వచ్చేదాకా ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువ అడుగులు వేసేది 871, దానికి 178 అడుగులు. ఇదంతా ఒక రౌండు, అలాంటివి ఒకే ప్రాసెస్‌లో 500 తిప్పండి. ప్రతి రౌండు చివరా 871, 178 వచ్చాయో లేదో ప్రోగ్రామే చూసుకోవాలి. ఇది చాదస్తం కాదు: లెక్క చేసి జవాబుని ఎక్కడా వాడకపోతే, ఆ లెక్కే అక్కర్లేదని జిట్ దాన్ని తీసిపారేసే అవకాశం ఉంది, అప్పుడు మీరు కొలిచేది శూన్యాన్ని.

టైమ్ కోసం టైమ్ మాడ్యూల్‌లోని పెర్ఫ్ కౌంటర్ వాడండి, మామూలు గడియారం టైమ్ వద్దు, అది మధ్యలో సరిదిద్దుకుంటే అంకెలు గల్లంతవుతాయి. ప్రతి రౌండు టైమ్‌నీ లిస్టులో వేసుకుని చివర్లో ప్రింట్ చెయ్యండి, మధ్యలో ప్రింట్ చేస్తే టెర్మినల్ వేగం కూడా లెక్కలోకి వస్తుంది. పైథాన్‌తో పాటే వచ్చే టైమింగ్ టూల్ టైమిట్ జోలికి మాత్రం వెళ్లకండి. అది కొలిచేటప్పుడు చెత్త సేకరణని ఆపేస్తుంది, మీ సర్వర్‌లో అలా ఎవరూ ఆపరు. పైపైలో నడిపితే టైమిట్టే తనని నమ్మొద్దని వార్నింగ్ ఇస్తుంది, పాపం నిజాయితీ గల టూల్.

ఆ 500 అంకెల్నీ గ్రాఫ్ గీసి కంటితో చూడండి. మొదటి కొన్ని రౌండ్లు ఎత్తుగా ఉంటాయి, తరవాత గీత కిందికి దిగుతుంది, అక్కడక్కడ ముళ్లలా పైకి లేస్తుంది. "వార్మప్ కదా, మొదటివి పారేద్దాం" అనేది వాడుక. మొదటి దోసె పెనానికి అంటుకుంటుంది, నిజమే, కానీ మీ ఇంటికి వచ్చినవాడు తినేది ఒక్క దోసే అయితే? రెండు సెకన్లలో ముగిసే స్క్రిప్టుకి వార్మప్పే జీవితం, రోజులకొద్దీ నడిచే సర్వర్‌కి అది లెక్కలోకే రాదు. నాకు అన్నిటికన్నా పనికొచ్చిన గ్రాఫ్ వేరే ఉంది: ప్రాసెస్ మొదలైన దగ్గర్నుంచి గడిచిన మొత్తం టైమ్‌ని సీపైథాన్‌కీ పైపైకీ ఒకే కాగితం మీద గీసి, రెండు గీతలు ఎక్కడ ఒకదాన్నొకటి దాటాయో చూడటం. ఆ చోటు మీ పని నిడివికన్నా ముందే ఉంటే పైపై లాభం, తరవాత ఉంటే దండగ. క్రాన్ స్క్రిప్టు విషయంలో నేను ఇది గీసి ఉంటే ఆ రోజు తిట్లు తప్పేవి.

ఇదంతా ఒక్క ప్రాసెస్‌తో తేలదు. కొత్త ప్రాసెస్ మొదలుపెట్టిన ప్రతిసారీ మెమరీ అమరిక మారుతుంది, అంకెలూ మారతాయి, కాబట్టి కనీసం పది పదిహేనుసార్లు మొదట్నుంచీ నడిపి, ఒక్కో ప్రాసెస్‌కి ఒక మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే విలువ) తీసి, వాటి మధ్య ఎంత తేడా ఉందో కూడా రాసుకోండి. ఈ చాకిరీ పైపెర్ఫ్ అనే బెంచ్‌మార్క్ టూల్ చేసిపెడుతుంది. కమాండ్‌ల టైమ్ కొలిచే హైపర్‌ఫైన్ కూడా మంచిదే, కానీ అందులోని వార్మప్ ఆప్షన్ చూసి మోసపోవద్దు, ప్రతిసారీ కొత్త ప్రాసెస్సే కాబట్టి వేడెక్కేది డిస్క్ క్యాష్, జిట్ కాదు. ల్యాప్‌టాప్‌లో అయితే ఛార్జర్ పెట్టండి, బ్రౌజర్ మూసెయ్యండి, మూడిటినీ ఒకదాని తరవాత ఒకటి మార్చి మార్చి నడపండి. అన్ని సీపైథాన్ పరుగులూ ముందు, పైపైవి తరవాత నడిపితే, మెషీన్ వేడెక్కి నెమ్మదించిన పాపం రెండోదాని నెత్తిన పడుతుంది.

చాలా బెంచ్‌మార్కులు కలిపి ఒకే అంకె చెప్పాల్సి వస్తే మామూలు సగటు తీయకండి. ఒక బెంచ్‌మార్క్ రెండు రెట్లు వేగంగా, ఇంకొకటి సగం వేగంతో నడిచాయనుకోండి. మామూలు సగటు 1.25 రెట్లు లాభం అంటుంది, గుణోత్తర సగటు (రెండిటినీ గుణించి వర్గమూలం తీసేది) 1 అని, అంటే ఏమీ మారలేదని నిజం చెబుతుంది.

ఇక మీ అసలు అప్లికేషన్ సంగతి. ఒక రిక్వెస్ట్‌కి 100 మిల్లీసెకన్లు పడితే, అందులో 70 డేటాబేస్ కోసం ఎదురుచూడటమే అయితే, మిగిలిన 30ని జిట్ మూడు రెట్లు వేగం చేసినా మొత్తం 80 దగ్గర ఆగుతుంది. మూడు కాస్తా 1.25 అయింది. పని బరువంతా నంపై (అంకెల లెక్కల లైబ్రరీ) లాంటి, సీ భాషలో రాసిన లైబ్రరీ మీద ఉంటే జిట్‌కి పట్టు దొరకదు, పైపైలో ఆ సీ ఎక్స్‌టెన్షన్లకి వెళ్లొచ్చే దారి కూడా ఖరీదైనదే. మెమరీ కూడా చూడండి, తయారైన మెషీన్ కోడ్ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

సీపైథాన్‌లోనే జిట్ వచ్చాక ఈ పని కాస్త తేలికైంది. 2024లో వచ్చిన 3.13లో ప్రయోగంగా పెట్టారు, అప్పుడు సొంతంగా బిల్డ్ చేసుకోవాలి. 3.14కి వచ్చేసరికి విండోస్, మ్యాక్ అధికారిక ఇన్‌స్టాలర్లలోనే ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, PYTHON_JIT అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇస్తే ఆన్ అవుతుంది. ఇక్కడ ఇంటర్‌ప్రెటర్ ఒకటే, బిల్డ్ ఒకటే, మారేది స్విచ్ మాత్రమే. పైన రాసిన 871 ప్రోగ్రాం దాని మీద కూడా ఓ పదిహేనుసార్లు నడిపి చూడండి. తేడా మరీ తక్కువగా కనిపిస్తే, ముందు ప్రాసెస్‌కీ ప్రాసెస్‌కీ మధ్య తేడా ఎంతుందో చూసుకున్నాకే గ్రూపులో పెట్టండి.