జర్మనీలో వేసవి ఇంటర్న్‌షిప్: వరంగల్ విద్యార్థి ఎలా సిద్ధం కావాలి?

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల విద్యార్థులు జర్మనీలో ఇంటర్న్‌షిప్ చేయదలిస్తే మొదట సంపాదించవలసినది అక్కడి ఆచార్యుడి ఆహ్వాన పత్రం. ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థులకు జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) ఇచ్చే వైజ్ (WISE) ఇంటర్న్‌షిప్ ఉపకార వేతనానికి కూడా ఈ పత్రం అవసరం. తమ కళాశాల ఆ పథకం జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. పాస్‌పోర్టు లేనివారు ఈలోగా వరంగల్‌లోని పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో దరఖాస్తు పని ముగించుకోవాలి. బస 90 రోజులు దాటితే పలు ఐరోపా దేశాలకు చెల్లే స్వల్పకాలిక షెంజెన్ వీసా సరిపోదు, జర్మనీ ఇచ్చే దీర్ఘకాలిక జాతీయ వీసా తీసుకోవలసి ఉంటుంది. షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

సామాను సర్దేటప్పుడు సకినాలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలను, మాంసాన్ని బయటి దేశాల నుండి వెంట తీసుకురావడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. అమ్మ ఎంత బతిమాలినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకూడదు.

అసలు కష్టం ప్రయోగశాలలో మొదలవుతుంది. మన కళాశాలల్లో గైడ్ ఎదుట అర్థం కాలేదనడానికి జంకి, "సరే సార్" అని తలూపి వచ్చి, తరువాత సీనియర్లను అడిగి తెలుసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. అక్కడ ఆ తలూపును అంగీకారంగానే తీసుకుంటారు కాబట్టి, పని ఆగిపోయిందని వారికి తెలిసేసరికి వారాలు గడిచిపోవచ్చు. కనుక మొదటి సమావేశంలోనే, "రెండో దశలో ఉష్ణోగ్రత ఎందుకు తగ్గించాలో నాకు అర్థం కాలేదు" అన్నంత నిర్దిష్టంగా అడగాలి. సమావేశం ముగిశాక, ఏ పని ఏ తేదీకి చేస్తానని ఒప్పుకున్నారో రెండు మూడు వాక్యాల్లో ఈమెయిల్ చేయాలి. గడువు తప్పేలా ఉంటే ఆ రోజు రాకముందే తెలియజేయాలి. ఎవరైనా మీ గ్రాఫు తప్పని అందరి ముందు అన్నా అది సాధారణంగా ఆ గ్రాఫుకే పరిమితమైన మాట. దానికి నొచ్చుకొని మౌనం వహిస్తే నష్టం మీకే.

పేరుతో పిలవమని అక్కడివారే చెప్పేవరకు ఇంటిపేరుకు ముందు హెర్ (శ్రీ) లేదా ఫ్రౌ (శ్రీమతి) చేర్చి సంబోధించడం మంచిది. సమావేశానికి అయిదు నిమిషాల ముందే చేరుకోవాలి.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి కాబట్టి బియ్యం, కూరగాయలు శనివారమే కొనుక్కోవాలి. రాత్రి 10 దాటాక గదిలో పెద్దగా మాట్లాడకూడదు. వేసవిలో మన గడియారం మూడున్నర గంటలు ముందుంటుంది గనుక ఇంటికి ఫోన్ చేయడానికి అక్కడి సాయంత్రం 5 గంటలు అనువైన సమయం.

పని ముగియడానికి రెండు వారాల ముందే ధ్రువపత్రం కోరాలి. అందులో ప్రారంభ, ముగింపు తేదీలు, చేసిన పని వివరాలు, ఆచార్యుడి సంతకం ఉన్నాయో లేదో అక్కడ ఉండగానే సరిచూసుకోవాలి. తిరిగి వచ్చాక కళాశాలలో క్రెడిట్ల కోసం ఆ వివరాలే అడుగుతారు.