సైట్ ప్లాన్ నేర్చుకుందాం – 4వ పాఠం: పార్కింగ్ నుంచి తలుపు దాకా

గత పాఠంలో సర్వే మీద బిల్డింగ్‌ని కూర్చోబెట్టి, సెట్‌బ్యాకులు (హద్దుల నుంచి వదలాల్సిన ఖాళీ) వేసి, జోనింగ్ (ఆ స్థలంలో ఏది ఎంత కట్టొచ్చో చెప్పే నిబంధనల) పట్టిక నింపాం. ఈసారీ ఆ సైట్ ప్లాన్ షీటే, అంటే స్థలంలో బిల్డింగ్, పార్కింగ్, దారులు ఎక్కడ వస్తాయో చూపే డ్రాయింగే. మన ఉదాహరణ కూడా పాతదే: కెనడాలోని ఒంటారియోలో ఒక చిన్న పట్టణం, ఒకే అంతస్తు మెడికల్ క్లినిక్, ముందు 30 కార్లకు, వెనక 30 కార్లకు పార్కింగ్. ఈ షీటు మీద వీల్‌చెయిర్‌లో వచ్చే మనిషికీ, తెల్లకర్రతో నడిచే మనిషికీ దారి చూపించడం ఈ పాఠం పని.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. సైట్ ప్లాన్ అడిగే అధికారం మున్సిపాలిటీకి ప్లానింగ్ యాక్ట్ 41వ సెక్షన్ నుంచి వస్తుంది. వికలాంగుల అందుబాటు కోసం 2005లో ఆ ప్రావిన్సు వేరే చట్టం చేసింది. అంకెలన్నీ దాని కింద వచ్చిన 191/11 నిబంధనల్లో, ‘డిజైన్ ఆఫ్ పబ్లిక్ స్పేసెస్’ అనే భాగంలో ఉంటాయి. ఆ 2005 చట్టం ప్రకారం 10,000 జనాభా, అంతకు మించి ఉన్న ప్రతి మున్సిపాలిటీకీ ఒక యాక్సెసిబిలిటీ సలహా కమిటీ ఉండాలి, అందులో ఎక్కువమంది సభ్యులు వికలాంగులే అయి ఉండాలి. తాము ఎంచుకున్న సైట్ ప్లాన్లను తెప్పించుకుని చూసే హక్కు ఆ కమిటీకి ఉంది. అంటే మీ డ్రాయింగ్ చూసేవాళ్ళలో రోజూ వీల్‌చెయిర్ నడిపేవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళు టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ పేరు, నంబరు ఉండే పెట్టె) చూడరు, నేరుగా కర్బ్ (కాలిబాట అంచు గట్టు) దగ్గరికి వెళ్తారు.

అందుకే ‘అన్నీ యాక్సెసిబిలిటీ చట్టానికి అనుగుణంగా కట్టబడును’ అని మూలన ఒక నోట్ రాసి వదిలేసే అలవాటు ఉంటే ఇక్కడితో మానుకోండి. ఆ నోట్‌కి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘చూపించండి.’

ముందు లెక్క

స్టాల్ అంటే ఒక కారు నిలిపే చోటు; యాక్సెసిబుల్ స్టాల్ అంటే వికలాంగులకు కేటాయించేది. అందులో టైప్ ఎ వెడల్పాటిది, టైప్ బి దానికంటే ఇరుకైనది. 12 స్టాళ్ళ వరకు ఒక యాక్సెసిబుల్ స్టాల్, అదీ టైప్ ఎ. 13 నుంచి 100 వరకు 4 శాతం. 101 నుంచి 200 వరకు ఒకటి, దాని మీద 3 శాతం. 201 నుంచి 1,000 వరకు రెండు, దాని మీద 2 శాతం. భిన్నం వస్తే పై అంకెకే వెళ్ళాలి. వచ్చిన సంఖ్య సరి అయితే టైప్ ఎ, టైప్ బి చెరి సగం. బేసి అయితే మిగిలిన ఒక్కటి టైప్ బి కావచ్చు.

మన క్లినిక్‌కి 60 స్టాళ్ళు కదా, 4 శాతం అంటే 2.4, కాబట్టి 3 అనుకుంటాం. కాదు. పార్కింగ్ స్థలాలు వేర్వేరుగా ఉంటే దేనికది లెక్క కట్టాలి. ముందు 30కి 1.2, అంటే 2. వెనక 30కి ఇంకో 2. మొత్తం 4: రెండు ఎ, రెండు బి. కానీ ఒక వెసులుబాటు ఉంది. వచ్చేవాళ్ళకు తలుపు దగ్గరవుతుందనుకుంటే ఆ నాలుగింటినీ ఒకేచోట పెట్టొచ్చు. క్లినిక్ ప్రధాన ద్వారం ముందే ఉంది, కాబట్టి నాలుగూ ముందే వేద్దాం.

ఇది ప్రావిన్సు అడిగే కనీసం. పట్టణపు జోనింగ్ బైలా ఇంతకంటే ఎక్కువ అడగొచ్చు, కాబట్టి ప్రీ-కన్సల్టేషన్ (దరఖాస్తుకు ముందు మున్సిపాలిటీతో జరిపే చర్చ) నోట్స్‌లో ఆ అంకె వెతికి, రెండిట్లో పెద్దది తీసుకోండి.

స్టాల్ గీయడం

టైప్ ఎ వెడల్పు 3,400 మిల్లీమీటర్లు. పక్కకు ర్యాంప్ దించే వ్యాన్ల కోసం ఇది. దానికి ‘వ్యాన్ యాక్సెసిబుల్’ అని బోర్డు కూడా ఉండాలి. టైప్ బి 2,400. పక్కన 1,500 వెడల్పుతో నడవ ఉండాలి. ఆ నడవ స్టాల్ పొడవునా సాగి, రంగు కొట్టొచ్చినట్టు కనిపించే ఏటవాలు గీతలతో ఉండాలి. ఒకే నడవను రెండు స్టాళ్ళు పంచుకోవచ్చు. అలా ఎ, నడవ, బి కలిపితే 7,300. మనకు అలాంటి జతలు రెండు, అంటే 14.6 మీటర్లు. తలుపుకి ఎదురుగా అంత నిడివి తీసి పక్కన పెట్టుకోండి. మామూలు స్టాళ్ళు అన్నీ వేశాక మిగిలిన చోట వీటిని ఇరికించబోతే ఎప్పటికీ సరిపోదు.

నడవ చివర నేరుగా కాలిబాట అందాలి. కారు దిగిన మనిషి ఇతర కార్ల వెనకనుంచి తిరిగి రావలసి వస్తే ఆ లేఅవుట్ పనికిరాదు. రివర్స్ చేసే డ్రైవర్‌కి వీల్‌చెయిర్ ఎత్తు అద్దంలో కనిపించకపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి: ఎత్తులు

ప్లాన్‌లో అన్నీ చక్కగా కనిపించి, గ్రేడింగ్ షీటులో (నేల ఎత్తులు చూపే డ్రాయింగ్‌లో) కుప్పకూలే చోటు ఇదే. కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం.

క్లినిక్ ఫ్లోర్ లెవెల్ (సర్వే ఎత్తు, మీటర్లలో) 198.60. స్టాళ్ళ ముందు కర్బ్ లేకుండా సమంగా ఉన్నచోట పేవ్‌మెంట్ 198.15. తేడా 0.45 మీటర్లు. అక్కడినుంచి తలుపుకి దూరం 7.8 మీటర్లు. కాలిక్యులేటర్ కొడితే 1:17 వస్తుంది, అంటే 17 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు. ‘ర్యాంప్‌కి గరిష్ఠం 1:15 కదా, మనది దానికంటే మెల్లటి వాలే, పాస్’ అనిపిస్తుంది.

పాస్ కాదు. కాలిబాటకు గరిష్ఠ వాలు 1:20. అది దాటిన క్షణం అది కాలిబాట కాదు, ర్యాంప్. ర్యాంప్ అన్నాక పైన, కింద 1,670 చొప్పున చదరపు ల్యాండింగులు (చదునుగా ఆగే చోట్లు), రెండువైపులా 865 నుంచి 965 మిల్లీమీటర్ల ఎత్తులో హ్యాండ్‌రెయిళ్ళు, వాటికి చివర 300 పొడిగింపు, పక్కల గోడో గార్డో (పడిపోకుండా కాపాడే కంచె), చక్రం జారకుండా అంచు, ఇవన్నీ వచ్చి పడతాయి. మనకున్న 7.8లో రెండు ల్యాండింగులకు 3.34 పోతే వాలుకు మిగిలేది 4.46 మీటర్లు. అంటే నిజమైన వాలు 1:10 కంటే కాస్త నిటారు. ఇందాక పాస్ అనుకున్నది ఇదే.

సరే, ర్యాంప్‌ని పొడిగిద్దామా? 1:15 అయితే వాలుకు 6.75, ల్యాండింగులతో 10.09. అదే 1:20 కాలిబాట అయితే 9.0, తలుపు ముందు చదును కోసం అదే 1.67 కలిపితే 10.67. రెండిటికీ తేడా 58 సెంటీమీటర్లే! ఆ కాస్త చోటు కోసం రెయిళ్ళు, గార్డులు, వాటి మధ్య మంచు తీసే బాధ నెత్తిన పెట్టుకోవడం నా దృష్టిలో తెలివితక్కువ పని. తక్కువ ఎత్తుకు ర్యాంప్ గీసే ముందు ఎత్తే తగ్గుతుందేమో చూడాలి.

సివిల్ ఇంజనీర్‌కి ఫోన్ చేసి ఫ్లోర్‌ని 198.40కి దించగలరా అని అడగండి. దించితే తేడా 0.25. తలుపు ముందు చదును 1.67 పోగా మిగిలిన 6.13 మీటర్లలో వాలు 1:24. రెయిల్ అక్కర్లేదు. 198.45తో కూడా లెక్కకు 1:20 లోపలే వస్తుంది గానీ, కాంక్రీటు పోసేవాళ్ళ చేతిలో ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. ఆ మేరకు చోటు వదలండి. వాననీరు తలుపు వైపు రాకుండా చూసుకోవడం ఆయన పని, ఆ మాట అడగడం మీ పని.

మనవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇండియాలో పనిచేసి వచ్చినవాళ్ళకు చేతిలో 1:12 పాతుకుపోయి ఉంటుంది. ఒంటారియో బిల్డింగ్ కోడ్‌లోనూ ర్యాంప్‌కి 1:12 ఉండటంతో గందరగోళం ఇంకా పెరుగుతుంది. కోడ్ కిందికి వచ్చే దారి ఏది, బయటి కాలిబాట ఏది అని వాదించుకునే బదులు బయట అంతా 1:15 వాడండి. కమిటీ అడిగేదీ అదే.

కాలిబాట, కర్బ్

కాలిబాటకు అడ్డంకుల్లేని వెడల్పు 1,500 ఉండాలి. స్టాళ్ళ ముందు కాలిబాట ఉంటే కారు బంపర్ సుమారు 60 సెంటీమీటర్లు దాని మీదికి వస్తుంది. కాబట్టి 1,500 గీస్తే మిగిలేది 900. అక్కడ 2,100 గీయండి, లేదా వీల్‌స్టాప్‌లు (చక్రాన్ని ఆపే దిమ్మెలు) పెట్టండి. దారిలో డ్రైన్ జాలీ పడితే దాని రంధ్రాలు 20 మిల్లీమీటర్లు మించకూడదు. అసలు జాలీనే పక్కకు జరిపితే గొడవే ఉండదు.

కర్బ్ ఉన్నచోట కర్బ్ ర్యాంప్ కనీసం 1,200 వెడల్పు, పక్కల ఏటవాలు భాగాలు కలపకుండా. ఎత్తు 75 మిల్లీమీటర్లలోపు అయితే 1:8, 75 నుంచి 200 వరకు 1:10. కింద తెల్లకర్రకు తగిలే బుడిపెల పలక: కర్బ్ అంచునుంచి 150–200 మిల్లీమీటర్లు లోపలికి, కనీసం 610 లోతు, ర్యాంప్ వెడల్పంతా. కర్బ్ లేకుండా సమంగా దించినచోటా ఈ పలక ఉండాలి. లేకపోతే చూపులేని మనిషికి కాలిబాట ఎక్కడ అయిపోయిందో, కార్లు తిరిగే చోటు ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇక మంచు. పార్కింగ్‌లో తోసిన మంచు ఎక్కడ పోస్తారో సైట్ ప్లాన్ మీద చూపించమని చాలా మున్సిపాలిటీలు అడుగుతాయి. ఖాళీగా కనిపిస్తోంది కదా అని ఆ గుర్తును గీతల నడవ పక్కన పెట్టారో, జనవరిలో ఆ నడవ మంచుగుట్ట అవుతుంది.

ఎలా పంపాలి

బస్ స్టాప్ లేదా వీధి కాలిబాట నుంచి ఒకటి, స్టాళ్ళ నుంచి ఒకటి, తలుపు దాకా తెగని గీతలు గీయండి. మెట్టు, ఎత్తు రాయి, చెట్టు తొట్టి, ఏది అడ్డొచ్చినా గీత ఆగాలి. ఆగినచోట డిజైన్ మార్చాలి, గీతను వంచకూడదు. ప్రతి మలుపు దగ్గర ఎత్తు రాయండి, రెండు ఎత్తుల మధ్య వాలు రాయండి. 2022 జూలై నుంచి సైట్ ప్లాన్ ఆమోదం కౌన్సిల్ దగ్గర కాకుండా మున్సిపల్ సిబ్బంది చేతిలో ఉంది. కామెంట్ల లేఖ వచ్చాక ప్రతి కామెంట్‌కీ ‘మార్చాం, షీట్ 2 చూడండి’ అన్నట్టు ఎదురుగా జవాబు రాసిన పట్టిక పంపితే రెండో విడత తొందరగా తేలుతుంది.

అభ్యాసం

ఒకటి: క్లినిక్ విస్తరించి వెనక పార్కింగ్ 130 స్టాళ్ళయింది, ముందు 30 అలాగే ఉంది. ఇప్పుడు మొత్తం యాక్సెసిబుల్ స్టాళ్ళు ఎన్ని? ఎ ఎన్ని, బి ఎన్ని?

రెండు: వెనక తలుపు దగ్గర ఫ్లోర్ 198.40, పేవ్‌మెంట్ 198.05, నేరుగా దూరం 5.5 మీటర్లు. వెనక గోడ వెంట 12 మీటర్ల ఖాళీ ఉంది. రెయిల్ అక్కర్లేని దారి గీసి, ఎత్తులు వేయండి.

జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో ల్యాండ్‌స్కేప్ షీట్ మొదలుపెడతాం.