మెట్ట బయళ్లలో పుట్టకొక్కులను కాపాడుకునే తీరు

ఉద్దానం జీడితోటల గట్ల మీద, చీపురుపల్లి వైపు మెట్ట బంజర్లలో తొలకరికి లేచే పుట్టకొక్కులను, అంటే చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులను, ఎవరూ విత్తి పండించలేరు. చెదలు ఆకూ పుల్లా నమిలి నేలలోపల కట్టుకున్న స్పాంజిలాంటి గూడు మీదే ఆ శిలీంధ్రం బతుకుతుంది. గూడు ముక్క తవ్వి తెచ్చి పెరట్లో పాతినా లాభం లేదు. చెదలు లేకపోతే కొద్దిరోజుల్లోనే వేరే బూజు దాన్ని కమ్మేస్తుంది. కాబట్టి కాపాడాల్సింది పుట్టనీ, చుట్టూ ఉన్న గడ్డినేలనీ.

ముందు చోటు గుర్తుపెట్టాలి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వాన వెలిశాక పొద్దున్నే తిరగండి. కొన్నిచోట్ల పైకి పుట్టే ఉండదు, గూడంతా లోపలే. ట్రాక్టరు తోలేవాళ్లకు ఏమీ కనబడదు గనక ముందు పోయేవి అవే. అక్కడ కర్రలు పాతి, చుట్టూ కనీసం ఐదు మీటర్లు దున్నకుండా వదలండి. ఫోన్‌లో లొకేషను, తేదీ, సర్వే నంబరు రాసుకోండి.

రకం తేల్చుకోవడానికి ఒక్క కొక్కు చాలు. పక్క మట్టి చేత్తో తీస్తే కాడ వేరులా సన్నబడుతూ లోతుకి దిగి ఉండాలి. గొడుగు కోసి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద మడతల వైపు కిందికి ఉండేలా పెట్టి, గ్లాసు మూసి రాత్రంతా ఉంచండి. లేత గులాబీ పొడి రాలాలి. ఆకుపచ్చగా రాలితే అది పచ్చికలో మొలిచే విషపు రకం. తినొచ్చా లేదా అన్నది మాత్రం ఈ పరీక్షతో తేలదు.

ఏరేటప్పుడు గునపం పెట్టొద్దు, నేలమట్టానికి కోయండి. బాగా విచ్చుకున్నవి వదిలేయండి. చాలా రకాల్లో కొత్త పుట్ట పెట్టే చెదలకు గొడుగు నుంచి పొడిలా రాలిన బీజాల నుంచే ఈ శిలీంధ్రం అందుతుంది. మొగ్గలన్నీ ఏరేస్తే ఆ బీజమే ఉండదు.

జీడిమొక్కకు చెద పట్టిందని పుట్టలో క్లోరిపైరిఫాస్ పురుగుమందు పోస్తే ఆ చోట కొక్కులు ఇక లేవవు. చెద ఎక్కువగా పట్టేది నీరు చాలక వాడిన మొక్కకే. వేసవిలో తడి ఇవ్వండి, మొక్క మొదలు దగ్గర ఎండుటాకు కుప్ప వేయకండి, ఎండుకొమ్మలు పుట్ట దగ్గరే వదలండి. గడ్డి తగలబెట్టకండి, అది చెదల తిండి. పశువులు మేస్తే ఫర్వాలేదు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు కంకర తవ్వకం, పొక్లెయిన్‌తో చదునుచేసి నీలగిరి వేయడం. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో ఏర్పడే కమిటీ దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటుంది. మీ వివరాలు అందులో ఎక్కించండి, తవ్వకం మాట వచ్చినప్పుడు గ్రామసభలో చూపించడానికి కాగితం ఉంటుంది. నాగులచవితికి పాలు పోసే పుట్టలతో మొదలుపెడితే ఊళ్లో ఎవరూ కాదనరు.